ఎంత జరిగిందో అంతే

ఫిబ్రవరి 3

వదినా,

మీ మరదలు కలం పట్టిందంటే ఏదో మూడిందనుకునేరు. ఫోన్లో మీతో మాట్లాడితే నేను అరుస్తాను, లేదంటే ఏడుస్తాను. ఆ రెండూ లేకుండా మాట్లాడాలంటే కాగితమే గతి. డిపోలో షిఫ్టుకు ముందు బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. మా డ్రైవరు ఇప్పటికే రెండుసార్లు హారన్ కొట్టాడు. కొట్టుకోనివ్వండి, కండక్టరు ఎక్కకుండా బస్సు ఎక్కడికి పోతుంది?

కేసు ఏప్రిల్‌లో విచారణకు వస్తుందట. మీకు తెలిసిన సంగతే అయినా మళ్లీ రాస్తున్నాను, రాస్తే కాస్త గుండె బరువు దిగుతుందేమోనని. ఆ రోజు పొద్దున ఈతకు ఆలస్యంగా వచ్చిందని ఆ కోచ్ మా చేపపిల్ల మెడ పట్టుకుని నీళ్లలో ముంచాడు. ఇంకోసారి ఆలస్యం చేయకుండా బుద్ధి రావాలట. స్పృహ తప్పేదాకా నొక్కి పట్టాడు. పన్నెండేళ్ల పిల్ల. నీళ్లు కనిపిస్తే దూకేస్తుందని ఆ ముద్దుపేరు పెట్టింది మీరే. ఇప్పుడు కుళాయి కింద తల పెట్టదు. తలస్నానానికి నేను వెనక నిలబడి, ముఖం మీద చుక్క పడకుండా మగ్గుతో పోయాలి.

అసలు విషయానికొస్తాను. ఇక్కడి జడ్జిగారు మీతో కలిసి చదువుకున్నారటగా. ఒక్క మాట వేయండి. వాడు మళ్లీ బయటి వెలుగు చూడకూడదు. పిల్లల మీద చెయ్యి వేసినవాడికి ఎంత శిక్ష వేస్తే మాత్రం ఎక్కువవుతుంది చెప్పండి. ఆడబిడ్డ అర్ధమొగుడంటూ పెళ్లైన కొత్తలో నన్ను ఎన్ని తిప్పలు పెట్టారో మీకు గుర్తుండకపోవచ్చు, నాకు గుర్తుంది. ఆ బాకీ ఈ ఒక్క మాటతో తీరిపోతుంది.

మా రూట్లో రోజూ ఎక్కేవాళ్లందరికీ చెప్పాను, మా వదిన జడ్జి, చూస్తూ ఊరుకోదని. పాసు మీద వెళ్లే ఒక పెద్దాయన దిగేటప్పుడు నాకు నమస్కారం పెట్టాడు, మీకు అందజేయమని. ఇదిగో, అందజేస్తున్నాను.

మీ మరదలు

ఫిబ్రవరి 12

మరదలు పిల్లకు,

ఆ పెద్దాయన నమస్కారం అందింది. ఇకమీదట ఎవరిచ్చినా తీసుకోకు.

నీ ఉత్తరం కోర్టులో విప్పలేదు, ఇంటికి తెచ్చుకుని వంటింట్లో నిలబడి చదివాను. పాలు పొంగిపోయాయి. పొయ్యి తుడుచుకుంటూ ఆలోచించాను. ఒక్క మాట కాదు కదా, అర మాట కూడా వేయను. కోపం తెచ్చుకునే ముందు కాస్త విను. నేను మాట వేసి వాడికి శిక్ష పడితే, అది నా మాట వల్ల పడిందవుతుంది, పిల్ల మాట వల్ల కాదు. పై కోర్టు దాన్ని ఉఫ్ మని ఊదేస్తుంది. అప్పుడు నువ్వూ నేనూ కలిసి వాణ్ణి ఇంటికి సాగనంపినట్టవుతుంది.

అందుకే బస్సులో నా పేరు ఎత్తకు. నా గొప్పలు చెప్పుకోవడం నీకు సరదా అని నాకు తెలుసు. నాకూ సరదాగానే ఉంటుంది, అబద్ధమెందుకు. కానీ ఇప్పుడు వద్దు.

ఇంకొకటి. పిల్ల సాక్ష్యం చెప్పేదాకా నేను దానితో ఫోన్లో మాట్లాడను. అవతలి లాయరు నీకెవరు నేర్పారని అడిగితే, ఎవరూ లేరని అది తలెత్తి చెప్పగలగాలి. ఈ సంగతి దానికి విడమరిచి చెప్పు, లేకపోతే అత్త మరిచిపోయిందనుకుంటుంది. తప్పకుండా చెప్పు.

మా కోర్టుకు కొత్త కుర్చీలు వచ్చాయి. కదిలితే కిర్రుమంటాయి. ఇప్పుడు లాయర్లు అబద్ధం చెప్పేటప్పుడు నాకు ముందే తెలిసిపోతోంది. తమ్ముణ్ణి లిఫ్టులు బాగుచేసేటప్పుడు కింద ఒక మనిషిని నిలబెట్టుకోమను. వాడికి ధైర్యమెక్కువ, బుద్ధి తక్కువ.

నీ ఆడబిడ్డ

మార్చి 2

వదినగారికి,

మీరు మాట వేయరని తెలిసింది. సరే. కంచె ఉన్నా చేనుకు దిక్కులేదని సరిపెట్టుకుంటాను.

మొన్న పేపరు చూశాను. కొడుకు చెయ్యి విరగ్గొట్టిన తండ్రికి మీరు రెండేళ్లు వేశారట. రెండేళ్లు! ఆ పేపరు మా బస్సులోనే ముందు సీట్లో చదువుతున్నారు. ఈ జడ్జి మీ వదినేనా అని అడిగారు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చిల్లర సంచిలో పెట్టుకున్నాను. పరాయి పిల్లాడికి రెండేళ్లతో సరిపెట్టినవారు మా పిల్ల కోసం మాట వేస్తారనుకోవడం నాదే తెలివితక్కువతనం.

సర్కారు లాయరు మాత్రం మంచివాడు. హత్యాయత్నం కింద పెట్టాడు, నిలబడితే యావజ్జీవం పడుతుందన్నాడు. నిలబడాలంటే అంతా పిల్ల మాట మీదే ఉంటుందట. ఒక్కటే చిక్కు. స్పృహ తప్పాక దాన్ని బయటికి లాగింది ఆ కోచే. గట్టు మీద పడుకోబెట్టి గుండె మీద నొక్కి ఊపిరి తెప్పించింది కూడా వాడే. పిల్ల కళ్లు తెరిచేసరికి వాడు ఏడుస్తున్నాడట. ఇది పోలీసులు అడగలేదు, అది చెప్పలేదు. మిగతా పిల్లలు అప్పటికే వెళ్లిపోయారట, వేరే సాక్షి లేడు, కోచ్ చెప్పుకున్నా ఎవరూ నమ్మరట. అడగనిదే చెప్పనక్కర్లేదని లాయరన్నాడు. నేనూ పిల్లకు అదే చెప్పాను. ముంచినవాడు తేల్చాడని మెచ్చుకుంటామా?

అత్త ఎందుకు ఫోన్ చేయట్లేదని అది అడుగుతోంది. పెద్దవాళ్లకు పనులుంటాయని చెప్పాను.

ఉంటాను.

మార్చి 9

మరదలు పిల్లకు,

నీ ఉత్తరంలో లాయరు గురించిన మాటలు నేను చదవకుండా ఉండాల్సింది. చదివేశాను. కాబట్టి ఇది గట్టిగా చెబుతున్నాను. ఏం చెప్పాలో, ఏం మానాలో పిల్లకు ఎవరూ చెప్పకండి. లాయరూ వద్దు, నువ్వూ వద్దు. కేసు తేలేదాకా మన మధ్య ఉత్తరాలు కూడా వద్దు.

ఆ రెండేళ్ల సంగతి చెప్పి ముగిస్తాను. ఆ తండ్రి కోపంలో చెంపమీద కొట్టాడు. పిల్లవాడు మెట్ల మీద పడ్డాడు. ఆ తండ్రే ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తాడు, కొట్టింది నేనేనని డాక్టరుకు తనే చెప్పాడు. అంతకుముందు ఎప్పుడూ చెయ్యి చేసుకోలేదని పిల్లవాడి తల్లే కాదు, వాళ్ల టీచరూ చెప్పింది. అదే వారం ఇంకొకడికి ఇరవై ఏళ్లు వేశాను. చేరదీసిన పిల్లను ఏళ్ల తరబడి గదిలో కట్టేసి, ఆకలితో మాడ్చి, వాతలు పెట్టినవాడు. అది మీ పేపర్లో రాలేదు.

శిక్ష రాసే ముందు నా పాత తీర్పులు ముందేసుకుంటాను. ఇలాంటి తప్పుకు నిరుడు నేనేమిచ్చానో చూడకుండా ఇవాళ ఇవ్వను. కోపానికేముంది, అది రోజుకో రకంగా ఉంటుంది. ఇద్దరికీ ఇరవై వేసి ఉంటే జనం చప్పట్లు కొట్టేవారే. కానీ గదిలో మగ్గిన ఆ పిల్ల ముఖం ఎలా చూడను? నువ్వు పడ్డ నరకమూ, ఒక రోజు విరిగిన చెయ్యీ నా లెక్కలో ఒకటేనని ఆ పిల్లతో చెప్పినట్టు కాదా? తక్కువ వేయడం ఆ తండ్రి మీద జాలితో మాత్రమే కాదు. ఎక్కువ పడాల్సిన చోట ఎక్కువ అనే మాటకు విలువ ఉండాలి.

ఇక రాయకు. ఆరోగ్యం చూసుకో.

నీ ఆడబిడ్డ

ఏప్రిల్ 20

వదినగారికి,

రాయవద్దన్నారు. అయినా రాస్తున్నాను, ఇదే ఆఖరిది.

నిన్న పిల్ల సాక్ష్యం అయింది. పిల్లల కోసం వేరే గది ఉంది, గోడకు కుందేళ్ల బొమ్మలు అతికించారు. కోచ్ కనబడకుండా మధ్యలో తెర కట్టారు. నన్ను వెనక కూర్చోనిచ్చారు, పెదవి కదిపితే బయటికి పంపుతామన్నారు. సర్కారు లాయరు అడిగినవాటికి చక్కగా చెప్పింది. మెడ ఎలా పట్టుకున్నాడో, తను చేతులతో ఎలా కొట్టుకుందో, అంతా చెప్పింది. నా పిల్లేనా అనిపించింది. తర్వాత కోచ్ తరఫు లాయరు లేచాడు. ముందు మీ గురించే.

“మీ అత్త జడ్జి కదమ్మా? మీ అమ్మ బస్సులో అందరికీ చెబుతుందట. ఆవిడ నీకేం చెప్పమంది?”

“అత్త నాతో మాట్లాడ్డం మానేసిందండి.”

ఆ జవాబు కూడా మీరు నేర్పిందేనని నాకు తెలియదా? ఎందుకంటే, జడ్జిగారు ఇంకేమైనా చెప్పాలా తల్లీ అని అడగ్గానే ఈ పిల్ల ఏమందో తెలుసా?

“ఆయనే బయటికి లాగారండి. గుండె మీద నొక్కారు. లేమ్మా లేమ్మా అని ఏడ్చారు. ముంచింది కూడా ఆయనే.”

సర్కారు లాయరు చేతిలో కాగితాలు అలాగే ఉండిపోయాయి. అవతలివాడి ముఖం వెలిగిపోయింది. బయటికి వచ్చాక, ఇక హత్యాయత్నం మీద ఆశ పెట్టుకోవద్దన్నాడు మనవాడు. ఎవరూ అడగని మాట పన్నెండేళ్ల పిల్లకు ఎక్కడినుంచి వస్తుంది? మీ తమ్ముడి ఫోన్‌కు మీరు వెనకనుంచి చేసి ఉంటారు. ఆయనకు మీ మాట వేదం కదా. మీ చట్టం గెలిచింది, నా పిల్ల ఓడింది. సంతోషమే కదా. ఇక మా గుమ్మం తొక్కకండి.

ఏప్రిల్ 27

మరదలా,

నేను దానితో మాట్లాడలేదు. తమ్ముడితో కూడా కేసు మాట ఎత్తలేదు. ఆసుపత్రిలో దాని నుదురు ముట్టుకుని వచ్చాను చూడు, అదే ఆఖరు. నమ్మకపోతే నన్ను అడగకు, దాన్నే అడుగు. మందలించడానికి కాదు, వినడానికి అడుగు.

అత్త మాట్లాడ్డం మానేసిందని కోర్టులో చెప్పిందా? అంటే నేను చెప్పమన్న సంగతి నువ్వు దానికి చెప్పలేదన్నమాట. ఇన్నాళ్లూ అది నన్ను అలా అనుకుంటూ ఉందన్నమాట. నీ మీద కోపం వచ్చింది. దాచుకోను.

నాకు ఇరవై రెండేళ్ల సర్వీసు ఉంది. తనను ముంచినవాడు తనను తేల్చాడని, అడిగినవాళ్లు లేకుండా చెప్పిన సాక్షిని నేను ఇంతవరకు చూడలేదు. పెద్దవాళ్లలో చూడలేదు, పిల్లల్లో చూడలేదు. అది మా ఇంటి పిల్ల అని తలుచుకుని నిన్న కోర్టులో కూర్చుని ఊరికే నవ్వాను. బంట్రోతు భయపడ్డాడు.

నీ ఆడబిడ్డ

మే 6

వదినా,

అడిగాను. రెండు రోజులు నోరు రాలేదు. చివరికి మొన్న తలస్నానం చేయించేటప్పుడు వెనకనుంచి అడిగాను. ముఖాలు కనబడకపోతే అడగడం తేలిక.

“అత్త చెప్పమందా?”

“అత్త ఫోనే చేయలేదు కదా.”

“మరి ఎందుకు చెప్పావమ్మా? ఎవరూ అడగలేదు కదా.”

నేను మగ్గు పట్టుకుని అలాగే నిలబడ్డాను.

“అది వదిలేస్తే జరిగింది నాకు కాదనిపించింది. ఇంకెవరికో జరిగినట్టు ఉంది. అమ్మా, దాన్ని పెద్దది చేయక్కర్లేదు. అది ఉన్నదే చాలా పెద్దది.”

వదినా, గోరంతను కొండంత చేయడం తప్పని మనం పిల్లలకు చెబుతాం. ఇక్కడ కొండంతది ఉంది. దానిమీద నేనూ లాయరూ మట్టి పోస్తున్నాం, ఇంకా ఎత్తు కావాలని. పిల్ల ఆ మట్టి దులిపేసింది, కొండ మాత్రం కదల్లేదు.

ఇంకో మాట కూడా చెప్పింది. “ఆయన ఏడ్చారని జాలితో చెప్పలేదు. నాకు ఇప్పటికీ భయమే. ఏడ్చింది నిజం, ముంచింది నిజం. రెండూ చెప్పాను.” చెప్పి, ఇక నీళ్లు పోయమంది.

మీ సంగతి ఇప్పుడు చెప్పాను. నీతో మాట్లాడితే కేసు చెడుతుందని అత్త దూరంగా ఉందని చెప్పగానే నన్ను ఒక చూపు చూసింది. అది మీ చూపే. మీ తమ్ముడు అరటిపండు తింటూ, మా అక్కను అనుమానించావా అన్నారు. ఆయన రెండు నెలల్లో మాట్లాడిన మాట అదొక్కటి. నన్ను రెండు తిట్లు తిట్టండి వదినా, కాగితం మీద కాదు, ఎదురుగా కూర్చుని తిట్టండి. గుమ్మం తొక్కవద్దన్న మాట వెనక్కి తీసుకున్నాను. మా గుమ్మం మీరు ఎలా తొక్కినా సరే.

మీ మరదలు

మే 13

మరదలు పిల్లకు,

తిట్లు వడ్డీతో సహా వచ్చి ఇస్తాను. తీర్పు వచ్చాక వస్తాను, ముందు కాదు.

దాని మాటలు నీ ఉత్తరంలోంచి కత్తిరించి పెట్టుకోవాలనిపించింది. మానేశాను, ఉత్తరం మొత్తం దాచుకున్నాను. అందులో నువ్వు కూడా ఉన్నావు కాబట్టి. అడగడానికి భయపడి కూడా అడిగావు, విని నాకు రాశావు. ఆ పిల్లకు ఆ నిక్కచ్చితనం గాలిలోంచి రాలేదు. టికెట్ లేకుండా ఎక్కారని సొంత మామగారినే సగం దారిలో దింపిన మనిషివి నువ్వు. మా నాన్న ఆ కథ నవ్వుతూ అందరికీ చెప్పేవారు.

తీర్పు ఎలా వస్తుందో నాకు తెలియదు. యావజ్జీవం రాదు, దానికి సిద్ధంగా ఉండు. నేనైతే ఎంత వేసేదాన్నని అడగకు. ముక్కులో గొట్టంతో దాన్ని చూసిన రోజు నేను వాణ్ణి అక్కడికక్కడ చంపేసేదాన్ని. అందుకే అత్తలను ఆ కుర్చీలో కూర్చోబెట్టరు.

పిల్లకు చెప్పు, ఇప్పుడు దాని సాక్ష్యం అయిపోయింది, ఆదివారం ఫోన్ చేస్తాను. కేసు తప్ప లోకంలో ఉన్నవన్నీ మాట్లాడదాం.

నీ ఆడబిడ్డ

జూన్ 18

వదినా,

తీర్పు వచ్చింది. తొమ్మిదేళ్లు. బతికున్నంతకాలం పిల్లలకు ఏదీ నేర్పకూడదు. హత్యాయత్నం నిలవలేదు. చంపాలనుకున్నవాడు ఊపిరి తెప్పించడని అవతలి లాయరు పదేపదే అన్నాడు, జడ్జిగారు దానికి ఒప్పుకున్నారు. కానీ బయటికి లాగినంత మాత్రాన ముంచింది చిన్నదైపోదన్నారు. నమ్మి అప్పగించిన పిల్ల మీద, దండన పేరుతో, తెలిసి తెలిసి చేసిన క్రూరత్వమని రాశారు. అంతకుముందు ఇద్దరు పిల్లల తల్లిదండ్రులు వాడు ఇలాగే చేశాడని చెబితే ఈతకొలనువాళ్లు ఒకసారి తాఖీదు ఇచ్చి వదిలేశారట, అది కూడా లెక్కలోకి తీసుకున్నారు.

తొమ్మిది నాకు చాలలేదు. మీతో అబద్ధం చెప్పను. ఎంత వేసినా నాకు చాలదని మాత్రం నిన్న తెలిసింది. యావజ్జీవం వేసినా ఇంటికొచ్చి ఏడ్చేదాన్నే.

ఈ పొద్దున బస్సులో ఒకాయన పేపరు మడుస్తూ, తొమ్మిదేళ్లేనా, నేనైతే వాణ్ణి అదే నీళ్లలో ముంచేవాణ్ణి అన్నాడు. ఆ పిల్ల మా అమ్మాయేనని చెప్పాను. పక్కసీటావిడ నా చెయ్యి పట్టుకుంది.

“అయ్యో, మీకు అన్యాయం జరిగిందమ్మా.”

“లేదండి. మా పిల్ల ఎంత జరిగిందో అంతే చెప్పింది. దానికి ఎంత తూగితే అంత వేశారు.”

ఆ మాట నా నోట్లోంచి అంత స్థిమితంగా ఎలా వచ్చిందో నాకే తెలియదు. పేపరాయన టికెట్‌కు చిల్లర సరిగ్గా ఇచ్చాడు. వదినా, నాకెంత గర్వంగా ఉందంటే, రెండు స్టాపుల్లో విజిల్ వేయడం మరిచిపోయాను.

ఇంటి సంగతి చివరికి ఉంచాను. తీర్పుకు పిల్లను తీసుకెళ్లలేదు, స్కూలుకు పంపాం. సాయంత్రం నేను వెళ్లేసరికి తలుపు దగ్గరే నిలబడి ఉంది. ఎన్నేళ్లని అడుగుతుందని దారంతా జవాబు కూడబలుక్కున్నాను. తొమ్మిదంటే ఎంతో, అప్పటికి దానికి ఎన్నేళ్లు వస్తాయో, అన్నీ.

“నేను చెప్పింది నమ్మారా?” అంది.

“అంతా నమ్మారు.”

“ఆయన లాగింది కూడానా?”

సంచిలోంచి తీర్పు కాగితాలు తీశాను. లాయరు గీత గీసి ఇచ్చిన చోటు వెతికి, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే చదివాను. 'ముద్దాయికి మేలు చేసే మాటను ఎవరూ అడగకుండానే ఈ బాలిక చెప్పింది. కనుక ముద్దాయికి వ్యతిరేకంగా ఆమె చెప్పిన ప్రతి మాటనూ నేను నమ్ముతున్నాను.'

మళ్లీ చదవమంది. చదివాను. ఈసారి నాన్నకు వినబడేలా చదవమంది. ఆయన లోపలినుంచి వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డారు. మూడోసారి చదివాను. తల ఊపి, కాగితం నా చేతిలోంచి తీసుకుని, తనలో తను ఒకసారి చదువుకుని, వెళ్లి హోంవర్కు ముందు కూర్చుంది.

ఎన్నేళ్లు పడిందో ఇంతవరకు అడగలేదు.

మీ మరదలు